నాలుగోసారి పడే దెబ్బ

ఆ ఆల్బం పేరు ఇక్కడ రాయను. రాస్తే తెలిసినవాళ్ళు దానికంటే ముందుదే గొప్పదని నాతో వాదనకి దిగుతారు. ఇప్పటికే ఒకరిద్దరితో దిగి, సగంలో విసుగొచ్చి వదిలేశాను. నలుగురు మగవాళ్ళు చేసిన రికార్డు అది. అట్ట మీద ఎవరి మొహమూ ఉండదు. బూడిదరంగులో ఎముకో చెట్టు వేరో తెలియని బొమ్మ ఒకటి ఉంటుంది. లోపల తొమ్మిది పాటలు, ఏ ఒక్కటీ ఏడు నిమిషాలకి తక్కువ కాదు. మెటల్ సంగీతంలో ప్రయోగాలు చేసే రకమని మావారు చెప్పారు. తొంభై ఎనిమిది నవంబరులో, పెళ్ళయి ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరికి వచ్చిన రెండోరోజు, కారులో దాన్ని మొదటిసారి విన్నాను. ఇనప సామాను వేసుకున్న లారీ గతుకుల రోడ్డు మీద పోతున్నట్టుందని అన్నాను. ఆయన చిన్నగా నవ్వి వాల్యూం తగ్గించారు. ఆపలేదు.

మావారిది తెనాలి. బ్యాంకుల పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చేయడం అప్పట్లో ఆయన ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చేలోపు అదంతా అయిపోవాలి. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం చీకటి పడ్డాక వచ్చేవారు. అన్నం తింటున్నప్పుడు కూడా కళ్ళ ముందు అంకెలు కదులుతున్నాయనేవారు. అసలే మాట తక్కువ మనిషి. పెళ్ళికి ముందు ఫోన్లో రెండుసార్లు మాట్లాడుకున్నాం, రెండుసార్లూ నేనే మాట్లాడాను. ఇంట్లో ఆ మౌనం చూసి నాకు ఒళ్ళు మండేది. మాట్లాడించడానికి పని కట్టుకుని పోట్లాట పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆయన పోట్లాటకి కూడా వచ్చేవారు కాదు.

ఆ మనిషి మొహం మారేది ఆ ఆల్బం పెట్టినప్పుడే. ముఖ్యంగా మూడో పాటలో. అది మిగతావాటిలా వేగంగా ఉండదు, మనిషి నడిచినంత నిదానంగా సాగుతుంది. నాలుగు నిమిషాలు దాటాక ఒకచోట గిటార్లూ డ్రమ్ములూ దేని దారిన అది పోతాయి. ఎవరికి ఎవరూ సంబంధం లేనట్టు కాసేపు అలా కొట్టుకుని, ఉన్నట్టుండి అందరూ కలిసి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ దెబ్బ వచ్చే ముందు మావారి వేళ్ళు స్టీరింగ్ మీద బిగుసుకునేవి. దెబ్బ పడగానే భుజాలు దిగి, మొహంలో ఒక వెలుగు వచ్చేది. పాట ఎన్నిసార్లు విన్నా ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందో తనకి తెలియదని, ప్రతిసారీ పైనుంచి ఊడిపడ్డట్టే ఉంటుందని ఒకసారి చెప్పారు. ఆయన నాతో చెప్పిన మొదటి పెద్ద మాట అదే. ఆ మొహం చూసి నేను అసూయపడ్డాను. దాచుకోవడం ఎందుకు, ఒక సీడీ మీద అసూయపడ్డాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. బెజవాడలో పదేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. గజ్జె కట్టడం కంటే, పక్కన కూర్చుని తాళాలు వాయిస్తూ జతులు చెప్పే నట్టువాంగం నాకు బాగా వచ్చేది. మా మాస్టారు ముక్కోపి. తాళం వేయకుండా పాట వినేవాళ్ళని ఆయన మనుషుల కింద జమకట్టేవారు కాదు. సినిమా పాటయినా సరే, పెళ్ళి బ్యాండయినా సరే, చెవిన పడిందంటే చెయ్యి ఆడాల్సిందే, ఎన్ని దెబ్బలకి మొదటికొచ్చిందో అడిగిన వెంటనే చెప్పాల్సిందే. చెప్పకపోతే మోచేతి మీద కర్ర పడేది. పదేళ్ళు అలా పెరిగినదాన్ని, నాకు తెలియని లెక్క ఒకటి మా కారులో రోజూ తిరుగుతుంటే ఊరుకోగలనా?

ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఫ్లాట్లో మూడో పాట పెట్టుకుని కూర్చున్నాను. ఒక నోటు పుస్తకం, పెన్సిలు. వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, చేత్తో తాళం వేయడం, తప్పితే కొట్టేయడం. వారం పట్టింది. కింద ఫ్లాట్లో ఒక ముసలావిడ ఉండేది. నాలుగోరోజున పైకొచ్చి, అంతా బాగానే ఉంది కదమ్మా అని చాలా మర్యాదగా అడిగింది. చదువుకుంటున్నానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

ఏడోరోజుకి దొరికింది. గిటార్లు ఏడేసి దెబ్బలకి మొదటికొస్తున్నాయి. మా మాస్టారు నేర్పిన తకిట తకధిమి అదే. డ్రమ్ములు మాత్రం నాలుగేసి దెబ్బలతోనే నడుస్తున్నాయి. నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. అంటే ఇరవై ఎనిమిది దెబ్బలకోసారి రెండూ కలవాలి. కానీ ఆ కలిసే చోట ఆ మహానుభావులు చప్పుడు చేయకుండా ఆగిపోతున్నారు. మొదటిసారి మౌనం, రెండోసారి మౌనం, మూడోసారీ మౌనమే. నాలుగోసారి అందరూ కలిసి పడతారు. అందుకే వినేవాడికి కలిసిన సంగతి ముందు తెలియదు. నేను పెన్సిలు కింద పెట్టి గట్టిగా నవ్వాను. మాస్టారు పక్కనుంటే భుజం తట్టేవారు. ఆయన కాళ్ళ మీద పడాలనిపించేంత సంతోషం కలిగింది. ఆ పాట మీద అంతవరకూ ఉన్న చిరాకు పోయి గౌరవం వచ్చింది.

మావారికి విడిగా చెప్పి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. నేను విడిగా చెప్పలేదు. నలుగురిలో చెప్పాలని దాచుకున్నాను.

లండన్ తూర్పున ఇల్ఫర్డ్‌లో ఆయన కాలేజీ స్నేహితుడు ఉండేవాడు, కడప మనిషి. నెలకో ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాళ్ళం. తొంభై తొమ్మిది ఏప్రిల్లో అలా వెళ్ళినప్పుడు, మేం కారు ఆపుతుండగా ఆ పాట విని, ఇంకా ఈ రాక్షసుల గోల మానలేదా అని ఆయన్ని ఆటపట్టించాడు. ఇదే అదను అనుకున్నాను. భోజనాలయ్యాక సీడీ లోపలికి తెచ్చి పెట్టాను. బల్ల ముందు కూర్చుని ఎడం చేత్తో నాలుగులు, కుడిచేత్తో ఏడులు వేస్తూ, పైకి చెబుతూ వెళ్ళాను. ఇది మొదటి మౌనం, ఇది రెండోది, ఇది మూడోది, ఇక చూడండి అని ముందే హెచ్చరించి, నాలుగోసారికి రెండు చేతులతో బల్ల మీద చరిచాను. రికార్డులో దెబ్బా నా దెబ్బా ఒకేసారి పడ్డాయి. గ్లాసులు కదిలాయి. స్నేహితుడి భార్య చప్పట్లు కొట్టింది.

"యేంది వదినా, ఇంత సులువా ఇది! ఈయనేమో అయిదేండ్లుగా ఏందో బ్రహ్మరహస్యం మాదిరి చెప్తా ఉన్న్యాడు," అన్నాడు స్నేహితుడు.

అందరం నవ్వాం. మళ్ళీ చేసి చూపించమన్నారు, చూపించాను. మూడోసారి కూడా. అప్పుడు మావారు నవ్వుతున్నారో లేదో నేను చూడలేదు. చూసేటప్పటికి ఆయన ఖాళీ కంచంలో వేలితో పెరుగు గీతలు గీస్తున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో పాట పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. నెలరోజులు గడిచాక నేనే ఉండబట్టలేక అడిగాను, కోపమొచ్చిందా అని. లేదన్నారు. చేతులు తుడుచుకుంటూ వంటింట్లో నిలబడి, అప్పుడు చెప్పారు.

"రోజంతా లెక్కలే కదా నాకు. అదొక్కటీ తెలియకుండా ఉండనిస్తే బాగుండేది."

క్షమించమని అడగాల్సిన చోటది. నేను అడగలేదు. తెలిస్తే ఇష్టం పెరుగుతుంది కానీ తగ్గుతుందా, తెలియకుండా ఇష్టపడటం చిన్నపిల్లల పని అని కడిగిపారేశాను. మాస్టారి పేరు కూడా లాక్కొచ్చాను. ఆయన వాదించలేదు. అవును, నువ్వు చెప్పింది నిజమేనన్నారు. ఆ తర్వాత ఒకసారి ప్రయత్నించారని కూడా చెప్పారు. పాట పెడితే నాలుగు నిమిషాలు దాటేసరికి నా గొంతు వినపడుతోందట, ఇది మొదటి మౌనం, ఇది రెండోది అని. సీడీని బాయిలర్ ఉండే అలమరలో, తువ్వాళ్ళ పైఅరలో పెట్టేశారు. అది అక్కడ ఆరేళ్ళుంది. తువ్వాలు తీసిన ప్రతిసారీ దాని అంచు కనిపించేది, నేను కళ్ళు తిప్పుకునేదాన్ని.

ఆయన వినడం మానేశారు కానీ లోకం మానలేదు. ఏటా ఆగస్టు చివర మా ఊళ్ళో నది పక్క మైదానంలో పాటల పండగ జరుగుతుంది. బురద బూట్లు, భుజాన గుడారాలతో కుర్రకారు స్టేషన్ నుంచి వరసగా నడిచి వెళ్తుంటారు. వాళ్ళ చొక్కాల మీద ఆ బూడిదరంగు బొమ్మ కనిపించేది. రికార్డు పాతబడే కొద్దీ చొక్కాలు పెరిగాయి తప్ప తగ్గలేదు. తర్వాత వచ్చిన ఎన్నో బృందాలు అయిదుల్లో, ఏడుల్లో వాయించడం దాన్ని చూసే మొదలుపెట్టాయని ఇల్ఫర్డ్ స్నేహితుడే ఒకసారి ఎక్కడో చదివి చెప్పాడు. మావారు విని తలూపారు. ఆయనకి నచ్చినది అందరికీ నచ్చిందని సంతోషించాలో, తన దగ్గర మాత్రం అది లేదని బాధపడాలో తెలియని మొహం అది. ఆ మొహం చూసినప్పుడు నాకు మొదటిసారి తప్పు చేశాననిపించింది.

అంతకంటే ఇబ్బందికరమైన సంగతి ఇంకొకటి ఉంది. అమ్మాయి పుట్టాక, రెండువేల రెండు నుంచి నేను శనివారాలు ఒక కమ్యూనిటీ హాల్లో పిల్లలకి డాన్సు నేర్పడం మొదలుపెట్టాను. ఒక పిల్ల తల్లి, ఇదివరకు లీసెస్టర్లో నేర్చుకున్నావిడ, నా జతులు కొత్తగా ఉన్నాయని, కలవాల్సిన చోట కలవకుండా ఆగిపోతున్నాయని అంది. ఆవిడ అనేదాకా నాకే తెలియలేదు. మూడుసార్లు మౌనం, నాలుగోసారి అడుగు. మా మాస్టారు ఎప్పుడూ అలా కట్టలేదు. పదేళ్ళు నేర్చుకున్నదాని మధ్యలోకి వారం రోజులు కుస్తీపట్టిన ఆ పాట వచ్చి కూర్చుంది. ఆయన దగ్గర పోయినది నా దగ్గర పెరుగుతోందని, పిల్లల పాదాల్లోకి కూడా వెళ్తోందని ఆయనకి చెప్పలేదు. చెబితే దొంగతనం ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

రెండువేల అయిదు మార్చిలో, ఒక ఆదివారం పొద్దున, మావారు గడ్డం గీసుకుంటూ నన్ను పిలిచారు. వెళ్ళేసరికి ఆయన అద్దంలో తన మొహాన్ని వింతగా చూసుకుంటున్నారు. ఎడమవైపు మూతి జారింది. ఎడం చెయ్యి బేసిన్ మీద నుంచి పైకి లేవడం లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆయనకి. అంబులెన్సు వచ్చేదాకా నేల మీద కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. అయిదో ఏడు నిండబోతున్న అమ్మాయి గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో ఏదేదో అడుగుతూనే ఉంది. ఏం చెప్పానో గుర్తులేదు.

బతికారు. మాట కొంచెం ముద్దగా వచ్చినా పోలేదు. ఎడం చెయ్యీ ఎడం కాలూ పట్టు తప్పాయి. పదోరోజున నేను తువ్వాళ్ళ అరలోంచి సీడీ తీశాను. అమ్మాయి సీడీ ప్లేయరూ ఇయర్‌ఫోన్లూ పట్టుకుని వార్డుకి వెళ్ళాను. ఆరేళ్ళ కిందట నోటితో చెప్పలేని క్షమాపణ ఇలా చెప్పాలనుకున్నాను. చెవులకి నేనే పెట్టి మూడో పాట నొక్కాను. ఆయన అరనిమిషం విని, కుడిచేత్తో లాగేశారు.

"తీసెయ్. గిన్నెలు కింద పడేస్తున్నట్టుంది," అన్నారు.

కారిడార్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ప్రాణం మీదకి వచ్చినా మనిషి ఆ ఒక్క మాట మర్చిపోలేదా, ఇంత పంతమా అనుకున్నాను. రోజూ కారియర్ పట్టుకెళ్ళి, తినిపించి, దుప్పటి సర్ది, లోపల మాత్రం ఆ పంతానికి నా పంతం పెట్టుకుని కూర్చున్నాను. జబ్బుమనిషి మీద రెండు వారాలు అలా అలిగాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అమ్మాయి పుట్టినరోజు వార్డులోనే చేశాం. నర్సులు కూడా కలిసి పుట్టినరోజు పాట పాడారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, వీళ్ళందరూ ఒకే మాటని ఎందుకలా చదువుతున్నారని మెల్లగా అడిగారు. పాడుతున్నారండీ అన్నాను. ఆయన అమ్మాయి నోటి వంక చూస్తూ ఉండిపోయారు. మర్నాడు అక్కడి థెరపిస్టు ఒకావిడ ఏవో రాగాలు వినిపించి పరీక్ష చేసింది. మెదడు కుడివైపు దెబ్బతింటే కొందరికి ఇలా అవుతుందని, మాటలు బాగానే అర్థమవుతాయి కానీ సంగీతం సంగీతంలా వినపడదని, కొందరికి తిరిగొస్తుందని, కొందరికి రాదని చెప్పింది. ఆవిడ వెళ్ళాక ఆయన పక్కన కూర్చున్నాను. ఆరోజు నా మీద కోపంతో తీసెయ్యమనలేదా అని అడిగాను.

"కోపమా? నీ మీదెందుకు?" అన్నారు. "చప్పుడు వినపడతానే ఉంది. అది పాట కాదు ఇప్పుడు, అంతే."

ఆయన కోపంగా ఉండి ఉంటేనే బాగుండేదనిపించింది. కోపమైతే ఎప్పటికైనా పోతుంది. ఆయన వినాల్సిన ఆరేళ్ళని నేను తీసుకున్నాను, ఆ తర్వాతవి జబ్బు తీసుకుంది. ఆ ఆరేళ్ళూ ఉండి ఉంటే ఎన్నిసార్లు విని ఉండేవారో అని చాలా రోజులు కుమిలిపోయాను.

ఇంటికొచ్చాక నడక మొదలైంది. వారానికి రెండుసార్లు ఫిజియో అమ్మాయి వచ్చేది. ఆయన బరువంతా కుడికాలి మీద వేసి, ఎడం కాలిని ఈడ్చేవారు. ఏదైనా పాటకి అడుగులు వేయిస్తే మంచిదని ఆ అమ్మాయి సలహా ఇచ్చింది. పాట పాటలా వినపడకపోయినా, తాళం దెబ్బ ఆయనకి కొంత తెలుస్తోంది. సినిమా పాటలు పెట్టి హాల్లో నడిపించాం. నడిచేవారు కానీ ఈడ్చడం తగ్గలేదు. పెరిగినట్టు కూడా అనిపించింది. నేను సోఫాలో కూర్చుని అలవాటుగా చెయ్యి ఆడిస్తూ చూస్తుండగా కారణం తట్టింది. నాలుగు దెబ్బల పాటలో మొదటి దెబ్బ, అంటే గట్టి దెబ్బ, ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. ఆయన కుడికాలితో మొదలుపెడతారు. ఇక పాట అయిపోయేదాకా గట్టి దెబ్బ కుడికాలిదే. ఎడం కాలికి వంతే రావడం లేదు.

ఏడులో అలా కాదు. కుడికాలితో మొదలుపెట్టి ఏడడుగులు వేస్తే, తర్వాతి ఏడు ఎడం కాలితో మొదలవుతుంది. ఆ తర్వాత మళ్ళీ కుడి. గట్టి దెబ్బ కాలు మారుతూ ఉంటుంది. ఫిజియో అమ్మాయికి చెబితే కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని, ప్రయత్నించండి, పోయేదేముంది అంది. నేనే వెనకాడాను. ఆయన ముందు ఏడు లెక్కపెట్టి ఆరేళ్ళయింది. చివరికి, నేను చెప్పనా అని అడిగాను. ఆయన నా వంక చూశారు. ఆ ఏడు ఎక్కడిదో ఆయనకి తెలుసు.

"చెప్పు," అన్నారు.

తకిట తకధిమి. మొదటి 'త' దగ్గర గొంతు పెంచి, ఆ కాలు గట్టిగా వేయమన్నాను. మొదట్లో ఎడం కాలి వంతు వచ్చినప్పుడల్లా ఆయన గోడ పట్టుకునేవారు. ఎండాకాలానికి హాలు దాటి కాలువ గట్టుకి వచ్చాం. సాయంత్రం నాలుగింటికి అక్కడ కుక్కల్ని తిప్పేవాళ్ళు, బడి నుంచి వచ్చే పిల్లలు ఉంటారు. నేను పైకి జతి చెబుతూ, ఆయన కర్ర ఆనించుకుంటూ నడిచేవాళ్ళం. అమ్మాయి పదడుగులు వెనక నడిచేది. "మమ్, ఎవ్రీవన్స్ లుకింగ్," అని ఒకరోజు గొణిగింది. చూడనీ అన్నాను. కొన్నాళ్ళకి అదే మాకంటే ముందు నడుస్తూ, ఏడడుగులకోసారి గట్టిగా గెంతడం మొదలుపెట్టింది.

నేను ఏ నడక ఇస్తున్నానో ఆయనకి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అది మూడో పాట నడకే. ఏడాదిన్నర దాని మీద నడిచి కర్ర వదిలేశారు. ఎడం కాలు ఇప్పటికీ కొంచెం ఆలస్యంగా లేస్తుంది, తెలియనివాళ్ళు గమనించరు. సగం రోజు ఉద్యోగానికి కూడా తిరిగి వెళ్ళారు. సంగీతం మాత్రం రాలేదు. టీవీలో పాట వస్తే చదువుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తకుండా ఆపేయమనేవారు. నా శనివారం పిల్లల ప్రదర్శనకి వచ్చి మొదటి వరసలో కూర్చునేవారు, వాళ్ళ పాదాలు చూసేవారు. పాదాలు అర్థమవుతున్నాయనేవారు.

రెండువేల ఎనిమిది ఆగస్టు చివరి శనివారం, పండగ కుర్రకారు మా వీధిలోంచే మైదానానికి వెళ్తున్నారు. ఒకడి చొక్కా మీద ఆ బూడిదరంగు బొమ్మ. రికార్డు వచ్చేనాటికి వాడు బళ్ళో కూడా చేరి ఉండడు. కిటికీ దగ్గర కూర్చున్న మావారు వాణ్ణి సందు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి సీడీ ఆయనే తెచ్చారు. అది ఎక్కడుందో ఆయనకి తెలుసునని నాకు తెలియదు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను దాన్ని నా గజ్జెల పెట్టెలో దాచాను.

"మూడోది పెట్టు. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో నాకు చెప్పు," అన్నారు.

తెలియకుండా ఉండనివ్వమన్న మనిషి చెప్పమని అడుగుతున్నారు. పాట పెట్టి, ఆయన పక్కన కూర్చుని, ఆయన ఎడం అరచేయి నా ఒళ్ళోకి తీసుకున్నాను. నాలుగు నిమిషాలు దాటాక ఆ అరచేతిలో ఏడులు వేయడం మొదలుపెట్టాను. నాలుగులు ఆయన మోకాలి మీద వేశాను. నోటితో ఏమీ చెప్పలేదు. మొదటి మౌనం దగ్గర రెండు చేతులూ గాల్లో ఆపాను. రెండోసారీ ఆపాను, మూడోసారీ ఆపాను. నాలుగోసారి అరచేతి మీదా మోకాలి మీదా ఒకేసారి వేశాను. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఇదేనా?"

"ఇదేనండీ."

"అప్పుడు ఇంతకంటే పెద్దగా ఉండేది," అన్నారు.

అప్పుడు అడిగాను క్షమించమని. తొమ్మిదేళ్ళ ఆలస్యంగా, ఇల్ఫర్డ్ బల్ల గురించి, గ్లాసులు కదలడం గురించి, నా గర్వం గురించి, పిల్లల జతుల్లో దాచిన మౌనాల గురించి కూడా అంతా చెప్పేశాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. జతుల సంగతి తనకి తెలుసన్నారు. పిల్లల పాదాలు మూడుసార్లు ఆగినప్పుడే పోల్చుకున్నారట. బానే ఉంది, ఎక్కడో ఒకచోట ఉంది కదా అన్నారు. నాకు కళ్ళు నిండాయి.

"మళ్ళీ పెట్టు," అన్నారు. "ఈసారి నువ్వు లెక్కపెట్టకు. ఊరికే విను. నేను నీ మొహం చూస్తాను."

చెయ్యి ఆడించకుండా పాట వినడం నాకు రాదు. ఆరేళ్ళ వయసు నుంచీ రాదు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చంకల్లో బిగించి కూర్చున్నాను. మొదటి మౌనం తెలిసింది, రెండోది తెలిసింది. లోపల అంకెలు లేచినప్పుడల్లా అణిచిపెట్టాను. తర్వాత ఎక్కడున్నానో తప్పిపోయాను. ఆయన నావంక చూస్తున్నారన్నది ఒక్కటే తెలుస్తోంది. మాస్టారి కర్రా లేదు, నోటు పుస్తకమూ లేదు. ఆ చప్పుడులో ఏ దారీ దొరక్క భయంలాంటిది వేసింది. అప్పుడు నా మీద పడింది అది, పైనుంచి ఊడిపడ్డట్టు. నా భుజాలు వాటంతటవే దిగాయి.

కళ్ళు తెరిచేసరికి ఆయన నా మొహం వంకే చూస్తున్నారు.

"వచ్చిందా?" అన్నారు.

"వచ్చింది," అన్నాను.